ఎంగెల్‌హోఫర్ వారి ఈస్టు

పద్మనాభం బీరు తాగడు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే జరిగిన అనర్థమంతా అక్కడే మొదలైంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా బీరు కంపెనీలో ఉద్యోగం చేసి, ఆ జీతంతో ఇల్లు కొనుక్కుని, కూతుర్ని చదివించుకుని, ఒక్క చుక్కయినా నాలుక మీద వేసుకోని మహానుభావుడాయన. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఎవరైనా "మీవారు ఏం చేస్తుంటారండీ" అని అడిగితే, ఆయన భార్య రాధారాణి "ఫుడ్ మైక్రోబయాలజీ" అని టక్కున చెప్పి పులిహోర వడ్డించడంలో పడిపోయేది.

కంపెనీ పేరు ఎంగెల్‌హోఫర్ బ్రూవరీ. పెన్సిల్వేనియాలో స్టోన్‌మిల్ అనే చిన్న ఊళ్ళో, వాగు పక్కన ఎర్ర ఇటుకల భవనం. 1874లో గెయోర్గ్ ఎంగెల్‌హోఫర్ అనే ఆయన జర్మనీలో ఫ్రాంకోనియా ప్రాంతపు కొండ ఊరి నుంచి ఓడెక్కి వచ్చి కట్టించాడు. వస్తూ వస్తూ తన ఊరి బీరు ఈస్టుని ఒక నారబట్టకి పట్టించి, ఆరబెట్టి, ఆ బట్ట మడిచి చొక్కా లోపల దాచుకుని తెచ్చాడట. ఈస్టు లేనిదే బీరు పులియదు. ఒక తొట్టి పులిశాక అడుగున మిగిలిన ఈస్టుని తీసి తర్వాతి తొట్టిలో కలుపుతారు, మనం పాలకి తోడు వేసినట్టే. అలా గెయోర్గ్ బట్టలోంచి మొదలైన ఆ తోడు నూట యాభై ఏళ్ళు తొట్టి నుంచి తొట్టికి నడిచింది. మద్యనిషేధం ఉన్న పదమూడేళ్ళూ ఆ ఇంటి పెద్దావిడ వంటింట్లో ఒక జాడీలో పెట్టి, ఉడికించిన బంగాళాదుంపల నీళ్ళు పోస్తూ దాన్ని బతికించింది. ప్రతి సీసా లేబుల్ మీదా రాసుంటుంది, 1874 నుంచి అదే ఈస్టు అని.

ఆ ఈస్టుకి కాపలాదారు పద్మనాభం. ల్యాబ్ తలుపు మీద ఇత్తడి పలక కూడా కొట్టించారు.

ఈ ఏడాది మార్చిలో ఓనర్ మార్గీ ఆయన్ని ఆఫీస్‌కి పిలిచింది. గెయోర్గ్ నుంచి అయిదో తరం మనిషి, అరవై ఒక్క ఏళ్ళు. భర్త పోయాక ఒంటి చేత్తో కంపెనీ నడుపుతోంది.

"కూర్చో పాడీ," అంది. అక్కడ అందరికీ ఆయన పాడీయే. "అక్టోబర్‌కి మూసేద్దామని లాయర్ చెప్తున్నాడు. పదిహేనేళ్ళుగా సేల్స్ పడిపోతూనే ఉన్నాయి. ఎందుకో నాకు అంతుపట్టదు. ముసలివాళ్ళు, మా నాన్న వయసు వాళ్ళు, ఒకప్పుడు కేసులు కేసులు తీసుకెళ్ళేవాళ్ళు. ఒక్కొక్కరే మానేశారు."

మార్గీ ఒక ఉత్తరం ఆయన ముందుకి జరిపింది. గెయోర్గ్ పుట్టిన ఊరి నుంచి వచ్చింది. అక్కడి బ్రూవరీ యుద్ధంలో కాలిపోయిందట. ఇప్పుడు ఊరంతా కలిసి సహకార సంఘం పెట్టుకుని మళ్ళీ కడుతున్నారు. తమ పాత ఈస్టు ఈ భూమ్మీద బతికుంటే స్టోన్‌మిల్‌లోనే బతికుండాలని వాళ్ళ నమ్మకం. అది దొరికితే ఈ బ్రూవరీలో సగం వాటా తీసుకుంటారు, రెండు చోట్లా అదే బీరు కాస్తారు, ఇక్కడి ముప్ఫై ఒక్కమందిలో ఎవరి ఉద్యోగమూ పోదు. పోల్చి చూసుకోవడానికి వాళ్ళ దగ్గర 1938 నాటి సీసా ఒకటి ఉంది. అందులో చచ్చిన ఈస్టే ఉన్నా, దాని డీఎన్ఏ చదివించి పెట్టుకున్నారు.

"మనకి ఇంకేం కావాలి? నువ్వున్నావు," అంది మార్గీ. కళ్ళు తుడుచుకుని నవ్వింది కూడా.

పద్మనాభం గుండె గుభేలుమంది. అయినా "ష్యూర్, మార్గీ" అన్నాడు.

ఎందుకు గుభేలుమందో చెప్పాలంటే ఆయన చేరిన కొత్తలోకి వెళ్ళాలి. అప్పట్లో బ్రూమాస్టర్, అంటే బీరు కాచే పనికంతటికీ పెద్ద, మార్గీ తండ్రి వాల్టర్, డెబ్భై దాటిన మనిషి. ఆయన జన్మలో మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి ఎరగడు. పొద్దున్నే చెక్క తొట్టి మీదికి వంగి వాసన చూసేవాడు. వేలు ముంచి నాకేవాడు. "ఇవాళ కోపంగా ఉంది," అనేవాడు. లేదా "ఇవాళ బద్ధకంగా ఉంది, రేపు చూద్దాం," అనేవాడు. పక్కన నిలబడ్డ పద్మనాభం, ఎంగిలి వేలు మళ్ళీ తొట్టిలోకి వెళ్తుందేమోనని దాన్నే కనిపెట్టుకుని ఉండేవాడు. ఆయన పుట్టింది గుంటూరులో మడి కట్టుకుని వంట చేసే ఇంట్లో. ఆపైన మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ. ఆ రెండూ ఒకే మనిషిలో చేరితే అతగాడి చేతిలో ఏ వస్తువు తన మురికి తాను దాచుకోగలదు?

మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ ఈస్టు ఒకటి కాదు, మూడు రకాలు. కలగాపులగం. ఒకటి గుండ్రంగా, బుద్ధిగా, తొందరగా అడుక్కి దిగిపోతుంది. రెండోది పొడుగ్గా, బద్ధకంగా ఉంటుంది. మూడోది ఏ జాతో కూడా చెప్పలేం, నానిన తోలు వాసన కొడుతుంది. పద్మనాభం చదివిన పుస్తకాల ప్రకారం మంచి బ్రూవరీకి ఒక్కటే ఈస్టు ఉండాలి, మిగతాదంతా అంటు. రెండేళ్ళు చెమటోడ్చి ఆ బుద్ధిమంతురాలి ఒక్క కణాన్ని వేరు చేసి పెంచాడు. చెక్క తొట్లు తీయించి స్టీలువి పెట్టించాడు. తయారీ లెక్క తప్పడం మానేసింది, పాడైపోయే తొట్లు లేకుండా పోయాయి, అందరూ భుజం తట్టారు. 2006లో పాత ఈస్టు మొత్తాన్నీ, ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నలాంటి స్టీమ్ మెషిన్ ఒకటుంటుంది ల్యాబ్‌లో, అందులో పెట్టి చంపేశాడు.

చంపే ముందు ఒకటి జరిగింది. వాల్టర్ నీలం చారల జాడీ ఒకటి పట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు. నిండా పాత ఈస్టు, పైన గుడ్డ కట్టి ఉంది.

"పాడీ, దీన్ని మాత్రం పక్కన పెట్టు. నా కోసం."

"ష్యూర్, వాల్టర్."

మూడు వారాలు ఫ్రిజ్ మూలన పెట్టాడు. తలుపు తీసినప్పుడల్లా తోలు వాసన. శుభ్రమైన గాజు పళ్ళేల పక్కన ఆ గుడ్డ మూతి జాడీని చూస్తే ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. పైగా ఆ శుక్రవారం ఇన్‌స్పెక్షన్. గురువారం సాయంత్రం దాన్నీ మెషిన్‌లో పెట్టాడు, జాడీ వేడినీళ్ళతో మూడుసార్లు కడిగి బోర్లించాడు. శనివారం వాల్టర్ వచ్చి బోర్లించిన జాడీని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు చేశావని అడగలేదు.

ఆ తర్వాత అయిదేళ్ళు బతికాడు. ప్రతి తొట్టీ రుచి చూసి, "క్లీన్‌గా ఉంది, పాడీ," అనేవాడు. మన వెర్రి పద్మనాభం దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేవాడు. పద్మనాభం గ్రీన్ కార్డ్ కోసం లెటర్ మీద సంతకం పెట్టిందీ ఆ వాల్టరే. ఈ మనిషి లేకపోతే మా ఈస్టు బతకదు అని రాసిచ్చాడు, ఆ జాడీ బోర్లించిన ఏడాదే.

మార్గీ పిలిచిన మూడు వారాలకి జర్మనీ నుంచి ఆ సీసా డీఎన్ఏ రిపోర్ట్ వచ్చింది. దానితో బ్రూవరీ ఈస్టుని పోల్చే పని, పద్మనాభం కూతురు ఇషిత పనిచేసే ల్యాబ్‌కి, పడమటి తీరంలో బాతెల్ అనే ఊళ్ళో, ఇచ్చారు. ఆ పిల్ల ఒక ఆదివారం ఫోన్ చేసింది.

"నాన్నా, గుడ్ న్యూస్, బ్యాడ్ న్యూస్. వాళ్ళ బాటిల్‌లో త్రీ ఉన్నాయి. మీది వన్ ఓన్లీ. ఆ వన్ పర్ఫెక్ట్ మ్యాచ్. కానీ మిగతా టూ ఎక్కడికి వెళ్ళాయి?"

పద్మనాభం ఫోన్ చెవి మార్చుకున్నాడు.

"నేనే తీసేశాను, అమ్మా."

"అంటే... బ్యాకప్ ఉంది కదా? ఫ్రీజర్‌లో?"

"లేదు."

పాతికేళ్ళ పిల్ల, నాన్న ల్యాబ్ చూసి పెరిగి మైక్రోబయాలజీ చదివింది. "నువ్వు నాకు ఫస్ట్ నేర్పించింది అదే కదా నాన్నా, ఆల్వేస్ కీప్ అ బ్యాకప్ అని," అంది నెమ్మదిగా. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఇషిత ల్యాబ్ రిపోర్ట్ పద్మనాభం చేతికే వచ్చింది కాబట్టి మార్గీకి తెలియలేదు. ఏమైందని అడిగితే ఇంకో టెస్ట్ కావాలన్నాడు. జర్మనీ వాళ్ళు జూన్ నెలాఖరు వరకూ గడువిచ్చారు. మార్గీ ఆ ధైర్యంతో వర్కర్లని కూర్చోబెట్టి, ఊరి పేరు, ఉత్తరం, అన్నీ చెప్పేసింది. మర్నాడు బాట్లింగ్ లైన్‌లో పనిచేసే రోసా ల్యాబ్ తలుపు తీసి, "మా అబ్బాయి కాలేజ్ నీ చేతిలో ఉంది పాడీ," అని నవ్వుతూ వెళ్ళింది. నవ్వుతూనే అంది. ఆ రోజు ఆయన లంచ్ బాక్స్ మూత తీయలేదు.

ఇంట్లో దాచలేకపోయాడు. రాధారాణి చారు పోస్తుంటే మొత్తం చెప్పేశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి విన్నది.

"నా పెరుగు కూడా ల్యాబ్‌కి పట్టుకెళ్తానన్నారు మీరు, గుర్తుందా? ప్యూర్ చేసి తెస్తానని."

"గుర్తుంది."

"నేను ఇవ్వలేదు. వాసన లేని పెరుగు ఎవరు తింటారండీ? ఆ వాసనే కదా పెరుగంటే." గరిటె మళ్ళీ అందుకుని, "ఒక్కసారి తాగి చూసుంటే తెలిసేదేమో," అంది. జీవితమంతా భర్త తాగడని గర్వపడ్డ మనిషి అన్న మాట అది. పద్మనాభం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాటి నుంచి వెతుకులాట. చెక్క తొట్లు ఏమయ్యాయని ఆరా తీస్తే, తోట సామాన్లవాళ్ళు కొని, రందా పట్టి, మొక్కల కుండీలు చేసి ఎప్పుడో అమ్మేశారట. షోకేస్‌లో పాత సీసాలున్నాయి, కానీ ఆ బీరంతా వడకట్టి వేడిచేసింది, బతికున్న కణం ఒక్కటీ ఉండదు. చివరికి సెల్లార్‌లో పనిచేసే ముసలాయన ఒకడు తల గోక్కుంటూ, "వెనకాల తలుపు ఆడవాళ్ళని అడిగావా?" అన్నాడు.

ఒకప్పుడు శనివారాల్లో ఊళ్ళో ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని బ్రూవరీ వెనక తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళు. రొట్టెల కోసం చెంబుడు ఈస్టు ఊరికే పోసి పంపేవాళ్ళు. వందేళ్ళకి పైగా నడిచిన అలవాటు. పద్మనాభం వచ్చాక, బయటి చెంబులు లోపలికి రావడమేమిటని ఆపించేశాడు. ఆ చెంబులవాళ్ళలో ఇప్పటికీ బతికున్నది మిసెస్ యోడర్ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్ళు. ఈనాటికీ తన రొట్టెలు తనే కాల్చుకుంటుందట.

ఆవిడ ఇంటికి డ్రైవ్ చేస్తుంటే పద్మనాభానికి కొండంత ఆశ. దార్లో సాయిబాబాకి మొక్కుకున్నాడు, ఎన్నడూ దేవుణ్ణి ఏదీ అడగని మనిషి.

మిసెస్ యోడర్ వంటింటి అలమరలోంచి మట్టి జాడీ తీసి బల్ల మీద పెట్టింది. "మా అత్తగారి నాటిది. 1951లో మీ బ్రూవరీ నుంచే తెచ్చుకుంది. ఒక్క వారం మానకుండా పిండి పెడుతూనే ఉన్నాను."

పద్మనాభం మూత తీసి వంగాడు. పుల్లని వాసన. అడుగున ఎక్కడో తోలు వాసన ఉందేమో, ఉన్నట్టే అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మధ్యలో ఒకసారి నీరసించిపోయిందనుకో," అంది ఆవిడ. "నువ్వే కదా బాగుచేశావు."

"నేనా?"

"అదేమిటి, మర్చిపోయావా? పొంగడం లేదని ఫోన్ చేస్తే నువ్వే స్వయంగా వచ్చావు. పెద్ద సీసాడు కొత్త ఈస్టు తెచ్చి ఇందులో పోశావు. పాతది సగం తీసి పారేయమన్నావు. ఆ తర్వాత ఎంత బాగా పొంగుతోందో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

అప్పుడు గుర్తొచ్చింది. 2009. ముసలావిడ మీద జాలిపడి, ఆదివారం పూట పని మానుకుని వెళ్ళి చేసిన మేలు. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆవిడ వెన్న రాసిన రొట్టెముక్క ఒకటి చేతిలో పెట్టింది. తిన్నాడు. బాగుందన్నాడు.

ఏమో, ఆ మిగిలిన సగంలో ఏ కొసన్నా బతికుందేమోనని చిన్న సీసాలో తీసుకుని ఇషితకి పంపాడు. పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆయన సరిగా నిద్రపోలేదు, తిండీ తినలేదు. జూన్ ఇరవై నాలుగున ఫోన్ మోగింది.

"సారీ నాన్నా," అంది ఇషిత. "ఒకటే ఉంది. నీదే. నీ క్లీన్ స్ట్రెయిన్. మిగతావాటిని ఎప్పుడో తినేసినట్టుంది. నేను త్రీ టైమ్స్ చూశాను. నాన్నా, ఆర్ యూ ఓకే?"

"ఓకే అమ్మా. నువ్వు భోంచెయ్యి," అన్నాడు. అక్కడ అప్పటికి పొద్దున్న ఎనిమిదింటికి మించి కాలేదు.

ఫోన్ పెట్టేసి సెల్లార్‌లోకి దిగాడు. స్టీలు తొట్టి కుళాయి తిప్పి గ్లాసులో బీరు పట్టాడు. యాభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి నోట్లో పోసుకున్నాడు. చేదుగా, చల్లగా ఉంది. మరో గుక్క తాగాడు. ఇందులో ఏం లేదో ఎలా తెలుస్తుంది? ఉన్ననాడు ఒక్క చుక్క తాగి ఉంటే కదా. తను పోగొట్టినదేమిటో ఈ జన్మకి ఇక తెలియదు. తేడా పట్టిన వాల్టర్ నాలుక సమాధిలో ఉంది. గ్లాసు అక్కడే పెట్టి, మెట్లెక్కి, తిన్నగా మార్గీ గదికి వెళ్ళాడు.

కూర్చోకుండానే చెప్పాడు. మూడు రకాలు, ఒకటే మిగలడం, మిసెస్ యోడర్ జాడీ, అన్నీ. మార్గీ వింటూ వింటూ వాడిపోయింది. కానీ మంచి మనిషి. కాసేపటికి తేరుకుని ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నీ తప్పేముంది పాడీ? ఆ రోజుల్లో సైన్స్ అదే కదా చెప్పింది. మా నాన్న కూడా ఒప్పుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది ఇలా అవుతుందని?"

అక్కడితో ఊరుకోవచ్చు. తలుపు తెరిచి పెట్టింది ఆవిడే, ఆయన బయటికి నడిస్తే చాలు. పద్మనాభం నిలబడే ఉన్నాడు.

"మీ నాన్నగారికి తెలుసు," అన్నాడు. "నాకు ఒక జాడీ ఇచ్చారు. పక్కన పెట్టమన్నారు. సరేనన్నాను. తర్వాత అదీ మెషిన్‌లో పెట్టేశాను."

మార్గీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. తనూ అడుక్కోలేదు. ఏదైనా పెద్ద కారణం దొరికితే బాగుండుననిపించింది.

"వాసన వస్తోంది," అన్నాడు. "ఫ్రిజ్‌లో చోటు కూడా లేదు."

మార్గీ కిటికీ వైపు తిరిగింది. బయట లారీలోకి కేసులు ఎక్కిస్తున్నారు. "చనిపోయే ముందు వారం ఆయన ఆ జాడీ అడిగాడు," అంది. "అటక మీంచి తెచ్చిచ్చాను. ఖాళీ జాడీ ఎందుకు నాన్నా అంటే చెప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ పడుకున్నాడు."

పద్మనాభం మూడుసార్లు వేడినీళ్ళతో కడిగిన జాడీ అది. అందులో ఏ వాసనా మిగిలుండదు.

"నేనే చెప్తాను బయట వాళ్ళందరికీ," అన్నాడు.

"వద్దు. మా నాన్న చెప్పలేదు. నేనూ చెప్పను."

మార్గీ ముఖం కడుక్కుని బయటికి వెళ్ళింది. అందర్నీ బాట్లింగ్ హాల్లోకి పిలిచింది. పద్మనాభం వెనకాల గుమ్మంలో నిలబడ్డాడు. జర్మనీ వాళ్ళు వెనక్కి తగ్గారని చెప్పింది, అక్టోబర్ పదో తేదీ ఆఖరు రోజని చెప్పింది. "పాడీ మూడు నెలలు రాత్రీ పగలూ కష్టపడ్డాడు. చేయగలిగిందంతా చేశాడు," అని కూడా చెప్పింది.

సెల్లార్ ముసలాయన టోపీ తీసి, నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. "థాంక్స్, పాడీ." ఆయన వెనక ఇంకొకడు. ఆ వెనక లారీ డ్రైవర్లు. చర్చిలో నిలబడ్డట్టు వరస కట్టారు. పద్మనాభం నోరు తెరిచాడు. హాలు అవతలి నుంచి మార్గీ ఆయన్నే చూస్తోంది, తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకుని ఒక్కొక్క చెయ్యీ అందుకున్నాడు. రోసా చెయ్యి ఇవ్వలేదు, గట్టిగా కావలించుకుని, ఆయన చొక్కా భుజం తడిసేదాకా ఏడ్చింది. "నువ్వు ట్రై చేశావు," అంది. "అది చాలు."

అందరూ అయిపోయారు. హాలు ఖాళీ అయింది. మార్గీ ఒక్కతే మిగిలింది. పద్మనాభం ఆమె దగ్గరికి నడిచి, ఈసారి తనే చెయ్యి చాపాడు.

ఆమె ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత బల్ల మీది తాళాలు తీసుకుని, ఆ పూటకి మెషీన్లు ఆపడానికి సెల్లార్‌లోకి దిగిపోయింది.